ఏరుకుంటే ఒక రేటు, ఏరకపోతే ఒక రేటు: క్రూజ్‌లో కేబిన్ వాళ్లకే వదిలేస్తే ఏమవుతుంది

సాయంత్రం పూట టమాటా బండి దగ్గర రెండు రేట్లు నడుస్తాయి. చెయ్యి పెట్టి ఏరుకుంటే ఒక రేటు, బండివాడే తీసి తూకం వేస్తే కిలోకి ఐదో పదో తక్కువ. తక్కువ రేటుకి కొన్న ప్రతిసారీ మెత్తబడ్డవే వస్తాయని కాదు, ఒక్కోసారి మంచి కాయలే పడతాయి. కాకపోతే సంచిలోకి ఏం వెళ్లాలన్నది మన చేతిలో ఉండదు, ఆ పది రూపాయలు తగ్గించింది అందుకే. క్రూజ్ కంపెనీలు అమ్మే 'గ్యారంటీ' కేబిన్ (గది ఏదన్నది వాళ్లకే వదిలేసి కొనేది) కూడా ఇదే బేరం. పేరు మాత్రం గొప్పగా పెట్టారు.

ఆ పేరు దగ్గరే చాలామంది పొరబడతారు. గ్యారంటీ అంటే మంచి గది గ్యారంటీ అనుకుంటారు. కంపెనీ మాట ఇచ్చేది గ్రేడ్ వరకే. ఓషన్‌వ్యూకి డబ్బు కడితే కిటికీ లేని గదిలో వెయ్యరు, బాల్కనీకి కడితే బాల్కనీ ఉంటుంది, వాళ్లకి అవసరం పడితే పై గ్రేడ్‌కి మారుస్తారు. అంతే. ఏ డెక్కు (ఓడలో అంతస్తు), ఓడ ముందు భాగమా మధ్యా వెనకా, కుడివైపా ఎడమవైపా, గది పైన ఏముంది, కింద ఏముంది, కిటికీ ఎదురుగా ఏముంది, వీటిలో ఒక్కదానికీ హామీ లేదు. రాయల్ కరీబియన్ కంపెనీ బుకింగ్‌లో జెడ్‌ఐ, వైఓ, ఎక్స్‌బీ అని కనిపించే కోడ్‌లు, నార్వీజియన్ వాళ్ల 'సెయిల్ అవే' రేట్లలో ఐఎక్స్, ఓఎక్స్, బీఎక్స్, ఎంఎస్‌సీలో 'బెల్లా' అనే చవక టికెట్టు, అన్నీ ఈ బాపతే. కోడ్ ఏదైనా గుర్తుపట్టడం తేలిక: డబ్బు కట్టేశాక కూడా కేబిన్ నంబర్ ఉండాల్సిన చోట నంబర్ కనపడదు. అది ఎప్పుడొస్తుందన్నదీ వాళ్ల ఇష్టమే. కొన్నిసార్లు నెల ముందే ఇస్తారు, కొన్నిసార్లు బయల్దేరే వారంలో, అరుదుగా రేవులో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర.

రైలు టికెట్ తీసే అలవాటు ఉన్నవాళ్లకి ఇందులో వింతేమీ ఉండదనిపిస్తుంది. అక్కడా బెర్త్ ఎంచుకోలేం, ప్రిఫరెన్స్ పెడతాం అంతే. కానీ ఐఆర్‌సీటీసీలో కనీసం 'అందరికీ ఒకే కోచ్‌లో దొరికితేనే బుక్ చెయ్యి', 'ఒక లోయర్ బెర్త్ అయినా ఉంటేనే బుక్ చెయ్యి' అని షరతు పెట్టుకునే వీలుంది, ఆటో అప్‌గ్రేడ్ వద్దంటే టిక్ తీసెయ్యొచ్చు. అరవై దాటినవాళ్లకి, నలభై ఐదు దాటిన ఆడవాళ్లకి లోయర్ బెర్త్ కోటా ఉంది. గ్యారంటీ కేబిన్‌లో ఇలాంటి షరతులు పెట్టే చోటే లేదు. పైగా టాయిలెట్ పక్క సైడ్ అప్పర్ వచ్చినా ఒక్క రాత్రి భరిస్తే తెల్లారి దిగిపోతాం. ఇక్కడ మూడు, ఐదు, ఏడు రాత్రులు.

కంపెనీ ఇదంతా ఎందుకు చేస్తుందో తెలిస్తే ఎలాంటి గది వస్తుందో సగం అంచనా దొరుకుతుంది. ఓడ బయల్దేరాక ఖాళీ గది మీద పైసా రాదు. హోటల్‌కైతే రేపు ఇంకో కస్టమర్ వస్తాడు, ఓడకి నడిసముద్రంలో ఎవరొస్తారు? అందుకే వీళ్ల లెక్క చిత్రంగా ఉంటుంది: గదికి ఇద్దరు చొప్పున నిండితే వంద శాతం, మూడో మనిషీ నాలుగో మనిషీ ఎక్కితే వంద దాటుతుంది. పెద్ద కంపెనీల ఓడలు వంద దాటే నడుస్తుంటాయి. ఆ స్థాయిలో నింపాలంటే ఎక్కడ పెట్టినా సరే అనే జనం కొంతమంది చేతిలో ఉండాలి. నంబర్ ఎంచుకున్నవాళ్లని కదిలించడం కష్టం, నంబర్ లేనివాళ్లని ఎటైనా సర్దొచ్చు. ఓడ మధ్యలో గదులు, లిఫ్టుకి మరీ దూరం కానివి, పైనా కిందా కూడా గదులే ఉన్నవి, ఎంచుకునేవాళ్లు ముందు వాటినే పట్టుకుపోతారు. చివరికి మిగిలేవి ముందు మూల, వెనక మూల, స్విమ్మింగ్ పూల్ కింద, డ్యాన్స్ క్లబ్ పైన, పక్క గదికి తలుపు ఉన్న కనెక్టింగ్ రూములు.

పూర్తిగా ఇలాగే జరుగుతుందని కూడా చెప్పలేం. చాలా కంపెనీలలో మొత్తం డబ్బు కట్టాల్సిన గడువు ప్రయాణానికి రెండు మూడు నెలల ముందు ఉంటుంది. ఆ గడువు దగ్గర మనసు మార్చుకున్నవాళ్లు క్యాన్సిల్ చేస్తారు, గ్రూపుల కోసం పట్టి ఉంచిన గదులు అమ్ముడుపోక ఏజెంట్లు వెనక్కి ఇస్తారు. అలా తిరిగొచ్చిన వాటిలో మంచి గదులూ ఉంటాయి, అవి గ్యారంటీ వాళ్లకి పడొచ్చు. నెట్‌లో 'మాకు ఇన్‌సైడ్ (కిటికీ లేని గది) రేటుకి బాల్కనీ వచ్చింది' అని సంబరంగా రాసేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అదే ఓడలో పూల్ కింద పడ్డవాళ్లు అంత సంబరంగా రాయరు, తేడా అదే.

పూల్ కింద గది అంటే ఏమిటో పగలు ఎక్కినప్పుడు తెలీదు. గది బాగానే ఉంటుంది, పరుపు బాగానే ఉంటుంది. రాత్రి పన్నెండింటి వరకు పైన పాటలు వినిపిస్తే, సరే సెలవుల్లో ఉన్నాం కదా అనుకుంటాం. అసలు కథ తెల్లవారుజామున మొదలవుతుంది. సిబ్బంది పూల్ డెక్కు కడగడానికి పడక కుర్చీలన్నీ ఒక పక్కకి ఈడుస్తారు, కడిగాక మళ్లీ వరసలో పేరుస్తారు. మేడ మీద వాటాలో పెళ్లివాళ్లు దిగి, తెల్లారకముందే బెంచీలు ఈడుస్తుంటే కింద వాటాలో పడుకున్నవాళ్ల పరిస్థితి ఎలా ఉంటుందో సరిగ్గా అదే. ఉక్కు డెక్కు, కింద ఉక్కు సీలింగ్, మధ్యలో ఆ కీచు. రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే మర్యాదగా సారీ చెబుతారు, మర్నాడు మళ్లీ కుర్చీలు ఈడుస్తారు, ఎందుకంటే డెక్కు కడగకుండా ఉండలేరు.

ముందు మూలలో కింది డెక్కులకి ఇంకో రకం చప్పుడు. ఓడని రేవులో పక్కకి జరపడానికి ముక్కు దగ్గర నీళ్లలో థ్రస్టర్లు ఉంటాయి. రేవులోకి వెళ్లేది సాధారణంగా పొద్దున్నే, అవి తిరిగినంతసేపు గది గోడలు గుయ్యిమంటాయి. రేవు లేక సముద్రంలోనే ఆగి చిన్న పడవల్లో ఒడ్డుకి తీసుకెళ్లే ఊళ్లలో లంగరు దించుతారు. ఆ గొలుసు జారే చప్పుడుకి, తెలియనివాళ్లు ఓడకి ఏదో అయ్యిందని లేచి కూర్చుంటారు. వెనక మూలలో ఇంజిన్, ప్రొపెల్లర్ల అదురు. టేబుల్ మీద గ్లాసులో నీళ్లు చూస్తేనే తెలిసిపోతుంది.

కనెక్టింగ్ రూమ్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, రెండు గదుల మధ్య గోడ బదులు తలుపు ఉంటే పక్కవాళ్ల పిల్లాడి ఏడుపు మన గదిలో పిల్లాడిదే అనిపిస్తుంది.

చప్పుడుకి దూది పెట్టుకోవచ్చు, ఊగుడుకి ఏం పెట్టుకుంటాం? కేబిన్ వదిలేసుకోవడంలో అసలు రిస్కు ఇదే. ఓడ రెండు రకాలుగా ఊగుతుంది. పక్కలకి ఒరగడం ఒకటి, ముక్కు లేచి పడటం ఇంకొకటి. ఇప్పటి క్రూజ్ ఓడలకి నీటి కింద రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి కాబట్టి ఏమీ తెలీదని ఏజెంట్లు చెబుతారు. సగం నిజమే. అవి పక్కలకి ఒరగడాన్ని తగ్గిస్తాయి, ముక్కు లేచి పడటాన్ని పెద్దగా ఆపలేవు. ఉయ్యాల బల్లలో మధ్యన కూర్చున్నవాడి కంటే చివర కూర్చున్నవాడు ఎక్కువ ఎత్తుకి లేచి పడినట్టు, ఈ కదలిక ఓడ మధ్యలో తక్కువ, ముందు వెనక మూలల్లో ఎక్కువ. పక్కలకి ఒరగడమేమో పై డెక్కుల్లో ఎక్కువ తెలుస్తుంది. అందుకని బస్సెక్కితే కవరు చేత్తో పట్టుకుని కూర్చునే మనుషులకి ఓడలో సరైన చోటు కింది డెక్కు, నడిమధ్య. గ్యారంటీలో చివరికి మిగలని గదులూ సరిగ్గా అవే. పన్నెండో డెక్కు ముందు మూల వస్తే 'పై అంతస్తు ఇచ్చారు, వ్యూ బాగుంటుంది' అని మొదటిరోజు సంతోషిస్తారు. గాలి లేచిన రాత్రి ఆ మూలలో ఒరగడం, లేచి పడటం రెండూ కలిసి వస్తాయి.

మన సముద్రంలో దీనికో లింకు ఉంది. విశాఖ నుంచి మన దేశపు క్రూజ్ కంపెనీ కార్డీలియా ఓడ 'ఎంప్రెస్' మొదట తిరిగింది 2022 జూన్‌లో, పుదుచ్చేరి, చెన్నై వైపు. అరేబియా సముద్రంలో నైరుతి రుతుపవనాల అలలు లేచే నెలల్లో ముంబై నుంచి తిప్పడం కష్టం కాబట్టి ఓడని తూర్పు తీరానికి తెస్తారు. అంటే మన వైపు క్రూజ్ సీజన్ పడేది బంగాళాఖాతంలో అల్పపీడనాలు పుట్టే నెలల్లో. ప్రతి ట్రిప్పులో అల్లకల్లోలం ఉంటుందని కాదు, చాలా ట్రిప్పులు హాయిగానే సాగుతాయి. కానీ ఆ నెలల్లో వెళ్లేవాళ్లు గది ఎక్కడుందో పట్టించుకోకపోతే ఇంకెప్పుడు పట్టించుకుంటారు. ఇంకో సంగతి, ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ. ప్రతి గదికీ బాల్కనీ పెట్టే అలవాటు అప్పటికి రాలేదు, అందులో బాల్కనీలు చాలా తక్కువ, ఎక్కువ భాగం ఇన్‌సైడ్, ఓషన్‌వ్యూలే. ఇవాళ్టి రాక్షస ఓడల వీడియోలు చూసి, అలాంటి గదే వస్తుందని ఊహించుకుని నంబర్ చూడకుండా కట్టేస్తే తర్వాత ఎవరినీ అనడానికి లేదు.

చూపు విషయానికొస్తే, ఓషన్‌వ్యూ అనే మాటకి ఓడ భాషలో అర్థం గోడకి కిటికీ ఉందని. కిటికీ ఎదురుగా నారింజ రంగు లైఫ్‌బోటు వేలాడుతుంటే కూడా అది ఓషన్‌వ్యూనే. కొన్ని కంపెనీలు వీటిని 'అబ్‌స్ట్రక్టెడ్' (చూపుకి అడ్డం ఉన్నవి) అని వేరే రేటుకి అమ్ముతాయి, కొన్ని గ్యారంటీ గంపలో కలిపేస్తాయి, షరతుల్లో ఒక లైను ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ. బాల్కనీలోనూ మెలికలున్నాయి. 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ది సీస్ రకం ఓడల్లో కొన్ని బాల్కనీలు సముద్రం వైపు కాక ఓడ మధ్యలోని పార్కు వైపు తెరుచుకుంటాయి. కొందరికి అదే ఇష్టం. కానీ సముద్రం చూస్తూ కాఫీ తాగుదామని వెళ్లినవాళ్లకి ఎదురు బాల్కనీలో ఆరేసిన తువ్వాళ్లు కనిపిస్తాయి. బుక్ చేసేటప్పుడు గ్రేడ్ పేరు అక్షరం అక్షరం చదువుకోవాల్సింది ఇందుకే.

ఇన్‌సైడ్ కేబిన్‌లో కిటికీ గొడవే లేదు కాబట్టి గ్యారంటీకి అదే సేఫ్ అనే వాదన ఉంది, అందులో న్యాయం ఉంది. చాలా ఓడల్లో అది 150 చదరపు అడుగులకి అటూ ఇటూ, అంటే మన ఇళ్లలో పన్నెండు బై పన్నెండు బెడ్‌రూమంత, బాత్రూమ్ కూడా అందులోనే. లైటు ఆపితే పగలో రాత్రో తెలీదు. ఎక్కడున్నా చీకటి ఒక్కటే కదా. పోగొట్టుకునేది చూపు కాదు కాబట్టి మిగిలే రిస్కు చప్పుడు, ఊగుడు, నడక.

ఈ నడక పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు తప్పకుండా ఆలోచించాల్సిన విషయం. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలని గాల్వెస్టన్ నుంచో మయామీ నుంచో క్రూజ్‌కి తీసుకెళ్లడం ఇప్పుడు మామూలైంది. 2024లో తిరగడం మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ పొడవు 365 మీటర్లు. మన రైల్లో లెక్కేస్తే దాదాపు 15 బోగీలు. ముందు మూలలో గది, వెనక వైపు డైనింగ్ హాలు, కళ్లద్దాలు మర్చిపోతే మళ్లీ వెనక్కి. రోజుకి మూడు పూటలా 15 బోగీల కారిడార్ నడిస్తే మోకాళ్ల నొప్పులున్న అమ్మ రెండో రోజుకి 'నాకాకలి లేదు, మీరు వెళ్లి తినండి' అంటుంది. ఆకలి లేక కాదు. లిఫ్టు పక్కనే గది ఎంచుకోవడానికి పెట్టే నాలుగు డబ్బులు దుబారా కాదు.

రెండు గదులు తీసుకునే కుటుంబాలకైతే గ్యారంటీ అసలు కుదరదు. ఒకే బుకింగ్ చేశాం కదా, పక్కపక్కనే ఇస్తారులే అనుకుంటారు. అమ్మానాన్న మూడో డెక్కు వెనక, పిల్లలతో మనం తొమ్మిదో డెక్కు ముందు పడొచ్చు, ఆ మధ్యలో ఓడలో మామూలు ఫోన్ సిగ్నల్ ఉండదు, వైఫైకి చాలాచోట్ల విడిగా డబ్బు కట్టాలి. టీనేజ్ పిల్లల గది ఒక చోట, తల్లిదండ్రుల గది ఇంకో చోట వస్తే పెద్దవాళ్లలో ఒకరు పిల్లల గదిలోకి మారాల్సిందే. ఇద్దరు స్నేహితులో, తల్లీ కొడుకో ఒకే గదిలో ఉండేటప్పుడు మంచాలు విడివిడిగా వేయగలిగే గది వస్తుందా అన్నది కూడా ముందే అడిగి ఉంచాలి. ముగ్గురు నలుగురికి ఒకే గది అయితే మూడో మనిషి పడక గోడలోంచి దిగే పై బెర్త్ కావచ్చు, నిచ్చెన ఎక్కాలి. పిల్లలకి సరదా, తాతయ్యకి కాదు.

మరి ఎక్కాక మార్చమంటే? మార్చరని కాదు, మార్చే వీలు తక్కువ. నిండా ఉన్న ఓడలో ఖాళీ ఉండదు. ఖాళీ గది కళ్లెదుట ఉన్నా ఇవ్వలేని సందర్భాలూ ఉంటాయి. ఓడలో ప్రతి భాగానికీ ప్రమాదం జరిగితే వెళ్లాల్సిన చోటు, లైఫ్‌బోటు కేటాయించి ఉంటాయి, వాటికి తలల లెక్క ఉంటుంది. ఆ భాగంలో మూడో నాలుగో మనుషులతో లెక్క నిండిపోతే నాలుగు బెర్తుల గది ఖాళీగా ఉన్నా నలుగురి కుటుంబాన్ని అక్కడికి జరపరు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మీద అరిచి లాభం లేదు, ఆమె చేతిలో లేదు.

మనవాళ్లలో చాలామంది తెలియకుండానే గ్యారంటీ కేబిన్ తీసుకుంటున్నారన్నది ఇంకో చేదు నిజం. సింగపూర్ మలేషియా ప్యాకేజీలో క్రూజ్ ఒక ముక్కగా వస్తే కాగితం మీద 'ఇన్‌సైడ్ కేబిన్, ట్రిపుల్ షేరింగ్' అని మాత్రమే ఉంటుంది. నంబర్ లేదంటే ఎవరో ఒకరు తర్వాత కేటాయిస్తారనే అర్థం. ఆ ఎవరో క్రూజ్ కంపెనీ కావచ్చు, గ్రూపు గదులన్నీ చేతిలో పెట్టుకుని పంచే టూర్ మేనేజర్ కావచ్చు. డబ్బు కట్టకముందే 'నంబర్ ఇస్తారా, ఎప్పుడిస్తారు, రెండు గదులు పక్కపక్కన రాసిస్తారా' అని అడిగితే నోటిమాటగా 'చూద్దాం సార్' అంటారు. చూద్దాం అంటే లేదనే.

ఇంతా చెప్పాక గ్యారంటీ ఎవరికీ పనికిరాదని అనుకోనక్కర్లేదు. రెండు రాత్రుల ముంబై గోవా ట్రిప్పుకి వెళ్లే కుర్రాళ్ల బ్యాచ్‌కి గది అంటే బ్యాగులు పడేసే చోటు, వాళ్లు నంబర్ కోసం ఎక్కువ కట్టడమే దండగ. దిండు మీద తల పెడితే డప్పు కొట్టినా లేవని జంట, అంతకుముందు నాలుగు క్రూజ్‌లు చేసి తమ కడుపు సంగతి తెలిసినవాళ్లు, నిక్షేపంగా తీసుకోవచ్చు. లెక్క మాత్రం రాత్రికి ఇంత అని వేసుకోవాలి. నంబర్ ఎంచుకునే రేటుకి, గ్యారంటీ రేటుకి తేడా ఇద్దరికీ కలిపి నాలుగు రాత్రులకి నాలుగు వేలు అనుకుంటే, రాత్రికి మనిషికి ఐదు వందలు. నిద్ర ఐదు వందలకి అమ్ముతారా అన్నది ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. తేడా ఇరవై వేలైతే అది వేరే చర్చ, అప్పుడు చాలామంది అమ్మేస్తారు, తప్పూ లేదు.

ఎంచుకునేవాళ్లు కూడా డెక్ ప్లాన్‌లో తమ డెక్కు ఒక్కటే చూసి ఆగిపోతారు. చూడాల్సింది పై డెక్కు, కింది డెక్కు. రెండూ పక్కపక్కన తెరిచి, గది పైనా కిందా గదులే ఉన్నాయా చూడాలి. ప్లాన్‌లో పేరు రాయకుండా తెల్లగా వదిలేసిన చోట్లు ఖాళీ స్థలాలు కావు, వంటశాల, లాండ్రీ, సిబ్బంది దారి, సామాను బండ్లు తిరిగే చోట్లు. వాటి పక్క గది కొంటే ఎంచుకుని మరీ చప్పుడు కొన్నట్టే.

ఇలా జాగ్రత్తగా ఎంచుకున్నవాళ్లే ఆఖర్లో జారిపడే చోటు ఒకటుంది, అప్‌గ్రేడ్. ప్రయాణానికి కొన్ని వారాల ముందు మెయిల్ వస్తుంది, కొంచెం డబ్బు వేలం పాడితే పై గ్రేడ్ రావచ్చని. రాయల్ కరీబియన్‌లో దీన్ని 'రాయల్‌అప్' అంటారు, మిగతా చాలా కంపెనీలకీ ఇలాంటివి ఉన్నాయి. పాట ఖాయమైతే డబ్బు వెనక్కి రాదు, కొత్త గది నంబర్ వాళ్లే ఇస్తారు. రెండు గంటలు కూర్చుని డెక్ ప్లాన్ చూసి, మధ్యలో, లిఫ్టుకి నాలుగు తలుపుల దూరంలో అమ్మ కోసం పట్టుకున్న ఓషన్‌వ్యూ పోయి, ముక్కు దగ్గర పన్నెండో డెక్కులో బాల్కనీ వస్తుంది. పై గ్రేడే, మాట తప్పలేదు. కొన్ని కంపెనీలు అడగకుండానే ఉచితంగా కూడా ఇలా మార్చేస్తాయి. అందుకే గది నచ్చి తీసుకున్నవాళ్లు బుక్ చేసిన రోజే ఏజెంటుతో 'అప్‌గ్రేడ్ వద్దు' అని బుకింగ్‌లో రాయించుకోవాలి. రాశారో లేదో కన్ఫర్మేషన్ కాగితంలో చూసుకోవాలి, ఫోన్‌లో 'రాసేశాం మేడమ్' అంటే సరిపోదు.